లూడరిట్జ్ ప్రాజెక్టు డైరీ: మూరింగ్ తాడు, రైడింగ్ సెయిల్, ఇసుక

కేప్‌టౌన్ నుంచి సెయింట్ హెలెనా వెళ్తూ నమీబియాలోని లూడరిట్జ్‌లో పడవ ఆపాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. కేప్‌టౌన్ నుంచి ఇక్కడికి సుమారు 470 నాటికల్ మైళ్లు. ఇక్కడి నుంచి సెయింట్ హెలెనాకి సుమారు 1,330. ఆ దూరానికి ముందు విండ్‌వేన్ (గాలిని బట్టి పడవని దానంతట అదే దారిలో నడిపే పరికరం) సరిచేసుకుందామని ఆగాం. అయితే ఇక్కడి గాలి చూశాక పనుల వరస మొత్తం మారిపోయింది. ముందు పడవ బోయాని (పడవ కట్టేయడానికి నీటిమీద తేలుతూ, అడుగున బిగించి ఉండే గుండు) వదలకుండా ఉండాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

పడవ 11 మీటర్ల ఫైబర్‌గ్లాస్ స్లూప్, అంటే ఒకే మాస్టు (తెరచాప స్తంభం) ఉన్నది. సామానుతో కలిపి 8 టన్నులు. ఉండేది మా ఆయన, నేను. నెల జనవరి, అంటే ఇక్కడ నడి వేసవి, గాలి బాగా ముదిరే కాలం.

దశ 0: గాలి లెక్క

ఈ గాలి ఎందుకు వస్తుందో తెలిస్తే ఎప్పుడు తగ్గుతుందో కూడా తెలుస్తుంది. పడమర దక్షిణ అట్లాంటిక్ మీద అధిక పీడనం ఉంటుంది. తూర్పున నమీబ్ ఎడారి పగలంతా కాగి, అక్కడ పీడనం పడిపోతుంది. మధ్యలో బెంగ్వేలా ప్రవాహం. అడుగు నుంచి చల్లటి నీరు పైకి ఉబికే చోట్లలో ఈ తీరం మొత్తానికీ లూడరిట్జ్ ముందరిదే అన్నిటికన్నా బలమైనది. మా థర్మామీటరు బోయా దగ్గర నీళ్లలో 13 డిగ్రీలు చూపించింది. అటు చలి, ఇటు వేడి, ఆ రెండింటి మధ్య తీరం వెంబడి దక్షిణపు గాలి దూసుకొస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది, రాత్రి బాగా పొద్దుపోయాక తగ్గుతుంది.

చేతి ఎనిమోమీటరుతో డెక్ మీద నిలబడి చూసిన అంకెలు, మామూలు రోజున:

- తెల్లవారుజామున 8 నుంచి 12 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు)
- పదకొండింటికి 20 నాట్లు
- మూడు నుంచి ఆరు దాకా 32 నుంచి 36, ఉధృతిలో 42
- అర్ధరాత్రి దాటాక 15

గాలి వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలవుతుంది. 20 నాట్లకు చదరపు మీటరు మీద సుమారు ఆరున్నర కిలోల బరువు పడితే, 40 నాట్లకు 26 కిలోలు. మా పడవ ముక్కు గాలికి నేరుగా ఉన్నప్పుడు మాస్టు, వైర్లు కలుపుకుని సుమారు 7 చదరపు మీటర్లు ఎదురవుతుంది. అంటే 40 నాట్లలో తాడు మీద 180 కిలోల పైమాటే. పడవ పక్కకి తిరిగిందంటే గాలికి హల్ (పడవ ఒళ్లు) మొత్తం ఎదురవుతుంది, ఆ అంకె రెండింతలు దాటిపోతుంది. ఈ చివరి సంగతే మా ప్రాజెక్టుకి మూలం.

ఇదే గాలి కోసం ప్రపంచం నలుమూలల నుంచి వేగం పిచ్చి ఉన్నవాళ్లు ఇక్కడికి వస్తారు. లాగూన్ పక్కన తవ్విన కాలవలో 2010 అక్టోబరు 28న రాబ్ డగ్లస్ కైట్‌బోర్డు మీద 500 మీటర్లకు 55.65 నాట్ల సగటు వేగం అందుకున్నాడు. పల్చటి నీళ్లు, నికరంగా వీచే గాలి వాళ్లకి కావాలి. అదే నికరమైన గాలి కట్టేసిన పడవకి గంటల తరబడి ఆగని ఒరిపిడి.

పని వేళ అక్కడే తేలిపోయింది. డెక్ మీద పని తెల్లవారింది మొదలు పది దాకా. ఆ తర్వాత లోపలి పనే: కుట్టడం, అల్లడం, రాయడం.

దశ 1: తాడు

లంగరు వేయలేదు. హార్బర్‌లో పోర్టువాళ్లని అడిగి బోయా తీసుకున్నాం. క్లియరెన్సులో పసుపు జెండా (బయటి దేశం నుంచి వచ్చామని చెప్పేది), ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్, పోర్టు ఆఫీసు. ఇందులో కొత్తేమీ లేదు, కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకు వెళ్లండి, అంతే.

మొదటి కట్టుడు చాలా పడవల్లో కనబడేదే. రెండు వైపులా 16 మిల్లీమీటర్ల నైలాన్, ముక్కు దగ్గర ఫెయిర్‌లీడ్‌లో (తాడు డెక్ మీంచి బయటికి వెళ్లే లోహపు గాడి) తాడు ఒరిగే చోట తోట నీళ్ల పైపు ముక్క తొడుగు. పైనుంచి చూస్తే పైపు మీద గీత కూడా లేదు. మా ఆయనకి మాత్రం అనుమానం వచ్చింది.

"పైపు తీసి లోపల చూద్దాం. పైన బాగుందని ఊరుకోకు."

"ఇప్పుడు వద్దండీ, 30 నాట్లుంది. తెల్లారాక చూద్దాం."

తెల్లారాక తీశాం. పైపు చెక్కుచెదరలేదు, తాడే పోయింది. ఒరిగే చోట ఒక జాన మేర నైలాన్ పోగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని, గోధుమరంగు తిరిగి గట్టిపడ్డాయి. గోటితో గీరితే గాజులా టకటకమంది. వంచితే లోపలి పోగులు పటపటా తెగాయి. మూడు పేటల్లో ఒకటి పూర్తిగా పనికిరాకుండా పోయింది.

కారణం: నైలాన్ సాగుతుంది, అదే దాని సుగుణం. కానీ ప్రతి లాగుడుకీ సాగి ముడుచుకుంటూ ఫెయిర్‌లీడ్ మీద ముందుకీ వెనక్కీ రుద్దుకుంటుంది. ఆ రాపిడికి వేడి పుడుతుంది. పైపు తొడిగితే వేడి బయటికి పోదు, చల్లార్చే నీటి తుంపర లోపలికి రాదు. పైగా తడిసిన నైలాన్ బలం పదో వంతుకు పైగా తగ్గుతుంది. పాలిస్టర్‌కి ఆ బాధ లేదు, సాగడం కూడా తక్కువ, కాబట్టి ఒరిగే చోట ఉండాల్సింది అదే. నైలాన్ ఉండాల్సింది పడవకి అవతల, గాల్లో, దేనికీ తగలకుండా.

కొత్త కట్టుడు:

1. ఫెయిర్‌లీడ్ అంచుని వేలితో తడిమి చూశాం. పోత అతుకు దగ్గర సన్నటి గరుకు తగిలింది. సన్న ఆకురాయి, తర్వాత 120, 240, 400 నంబర్ల గరుకు కాగితం. సూతీ గుడ్డ రాస్తే ఒక్క పోగు కూడా పట్టుకోకూడదు.
2. క్లీట్ (డెక్ మీద తాడు చుట్టి కట్టే కొమ్ముల దిమ్మ) నుంచి ఫెయిర్‌లీడ్ దాటే వరకు 16 మిల్లీమీటర్ల పాలిస్టర్, పక్కకి 4 మీటర్లు. మా పాత డాక్ తాళ్లే వాడాం.
3. అక్కడి నుంచి బోయా దాకా 18 మిల్లీమీటర్ల మూడు పేటల నైలాన్, పక్కకి 8 మీటర్లు. ఇది చేపల పడవల సామాను అమ్మేచోట దొరికింది. అక్కడ ఎక్కువగా కనబడేది పాలీప్రొపిలీన్. చవక, నీటిమీద తేలుతుంది, కానీ వేడికి ముందు కరిగేది అదే. ఈ పనికి వద్దు.
4. రెంటినీ కలిపేచోట రెండు వైపులా థింబుల్ (తాడు అరగకుండా లోపల పెట్టే లోహపు వంపు) పెట్టి కన్ను అల్లాం, ఐదేసి మడతలు. మధ్యలో షాకిల్ (పిన్నుతో మూసే లోహపు కొక్కెం). షాకిల్ హల్‌ని కొట్టకుండా పొడవు చూసుకోవాలి.
5. ప్రతి షాకిల్ పిన్నుకీ స్టీల్ తీగతో కట్టు. మా ఆయన వెట్‌సూట్ వేసుకుని దిగి బోయా కింది షాకిల్ కూడా చూశారు. పిన్ను గట్టిగానే ఉంది, తీగ మాత్రం తుప్పు పట్టి ఊడిపోయింది. కొత్తది చుట్టారు.
6. పైపుకి బదులు, జాక్‌లైన్‌గా (డెక్ మీద తిరిగేటప్పుడు మనల్ని కట్టుకునేది) ఇక నమ్మలేని పాత పాలిస్టర్ పట్టీని సగం మీద సగం పడేలా తాడు చుట్టూ చుట్టి మైనపు దారంతో కుట్టాం. పక్కకి 60 సెంటీమీటర్లు. నేత కాబట్టి నీళ్లు లోపలికి వెళ్తాయి, వేడి నిలవదు.
7. రోజూ పొద్దున్న క్లీట్ దగ్గర ఒక బెత్తెడు తాడు వదలడం. ఒరిగే చోటు మారుతూ ఉంటుంది.

రెండు తాళ్లూ బోయా రింగుకి విడివిడిగా కట్టాం. ఒకటి పోయినా రెండోది దాని మీద ఆధారపడి ఉండకూడదు.

ఇప్పటివరకు: నైలాన్ 16 మీ., పాలిస్టర్ 8 మీ., పట్టీ 5.5 మీ., మైనపు దారం 12 మీ. పని కోసం వాడిన మంచినీళ్లు: 0.

దశ 2: ఊగులాట

తాడు మారినా పడవ ఊగడం మారలేదు. గాలి 30 దాటితే ముక్కు ఎడమకి కొట్టుకుపోతుంది, తాడు బిగిసి ఒక్క కుదుపుతో వెనక్కి లాగుతుంది, వెంటనే కుడికి. కంపాస్ చూస్తూ రాసుకుంటే ఒక చివర నుంచి ఇంకో చివరకి 70 డిగ్రీలు. పక్కకి తిరిగిన ప్రతిసారీ బరువంతా ఒకే తాడు మీద పడుతోంది.

లాగుడు కొలిచే పరికరం లేదు. అందుకని నైలాన్ మీద ఎర్ర దారంతో సరిగ్గా ఒక మీటరు దూరంలో రెండు గుర్తులు కట్టాం. ఉధృతిలో ఆ మీటరు ఎంత సాగుతోందో బోట్‌హుక్‌కి అతికించిన టేపుతో చూడొచ్చు. 1.08 మీటర్లు వచ్చింది. ఏ పడవలోనైనా పైసా ఖర్చు లేకుండా చేయగల కొలత ఇది, తప్పకుండా చేయండి.

ముందుగా చేసిన పని జెనోవాని (ముక్కు వైపు ఉండే పెద్ద తెరచాప) పూర్తిగా దింపడం. తెల్లవారుజామున గాలి పడినప్పుడు ఫర్లర్ (తెరచాపని చుట్టి ఉంచే గొట్టం) నుంచి తీసి మడిచి లోపల పెట్టాం. చుట్టిన తెరచాప ముక్కు దగ్గర లావుపాటి గాలి అడ్డం. అదే ముక్కుని పక్కకి నెట్టేది. పొరపాటున విప్పుకుంటే ఇక్కడ దాన్ని అదుపు చేయడం ఇద్దరి వల్ల కాదు. దింపాక 70 డిగ్రీలు 60 అయింది.

తర్వాత రైడింగ్ సెయిల్: వెనుక బ్యాక్‌స్టే (మాస్టుని వెనక నుంచి పట్టే తీగ) మీద ఎగరేసే చిన్న, చదునైన తెరచాప. వెనుక భాగాన్ని గాలి వెనక్కి పట్టి ఉంచుతుంది, ముక్కు గాలికి ఎదురుగా నిలుస్తుంది.

మొదటిది నీడ కోసం వాడే ఆనింగ్ గుడ్డతో కుట్టాను, 1.6 చదరపు మీటర్లు, షీటు (తెరచాపని లాగి పట్టే తాడు) పడవ నడిమధ్యకి. ఊగులాట 50 డిగ్రీలకి తగ్గింది. కానీ వెనుక అంచు ఒక్క క్షణం ఆగకుండా టపటపా కొట్టుకుంది. మాస్టు, డెక్, మా మంచం అన్నీ కలిసి అదిరేవి. సాయంత్రానికి క్లూ (షీటు కట్టే మూల) దగ్గర కుట్లు ఊడి, గుడ్డ నేత వెంబడి చీలిపోయింది. చీలిక చూస్తే దారం బాగానే ఉంది, రంధ్రాలు సాగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆనింగ్ గుడ్డ సాగుతుంది. సాగిన గుడ్డకి పొట్ట వస్తుంది, పొట్ట వచ్చిన తెరచాప పడవని ఈడుస్తుంది. ఇక్కడ కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

రెండోదానిలో మార్చినవి, ఎందుకు మార్చామో:

1. గుడ్డ: పాత జెనోవా డాక్రాన్ (తెరచాపలకి వాడే పాలిస్టర్ గుడ్డ). సాగదు.
2. కొలత: బ్యాక్‌స్టే వైపు 2.4 మీ., అడుగు 1.2 మీ., అంటే 1.44 చదరపు మీటర్లు. చిన్నదైనా చదునుగా ఉంటే చాలు.
3. వెనుక అంచు: లోపలికి 8 సెంటీమీటర్ల వంపుతో కోసి, అడ్డంగా పూర్తి నిడివి బాటెన్ (గుడ్డని చదునుగా నిలిపే బద్ద) ఒకటి వేశాను. కొట్టుకోవడానికి వదులు గుడ్డ మిగలదు.
4. మూలలు: ఒక్కోదానికి మూడు పొరలు, కుట్లు ఒకే గీత మీద కాకుండా వంకరగా, ఎడంగా.
5. షీటు: నడిమధ్యకి కాకుండా ఎడమ పక్క మిడ్‌షిప్ (పడవ పొడవులో మధ్యన ఉండే) క్లీట్‌కి. అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చింది ఇదే. షీటు నడుమ ఉంటే ప్రతి ఊగుకీ గాలి ఒకసారి ఇటు, ఒకసారి అటు పట్టి తెరచాప చచ్చి బతుకుతుంది. ఒక పక్కకి లాగి కడితే గాలి ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. పడవ కాస్త ఓరగా, కానీ స్థిరంగా నిలబడుతుంది.

ఫలితం: ఊగులాట 28 డిగ్రీలు. ఎర్ర దారాల మధ్య 1.05 మీటర్లు. ఆ రాత్రి చాలాకాలానికి ఇద్దరం ఒకేసారి నిద్రపోయాం.

కుట్టు పనంతా కాక్‌పిట్‌లో, డాడ్జర్ (గాలినీ తుంపరనీ ఆపే గుడ్డ గూడు) చాటున చేశాను. అక్కడ కూర్చుంటే ఎదురుగా షార్క్ ఐలాండ్ కనబడుతుంది. ఇప్పుడది ఊరికి కలిసిపోయిన భూమి. 1905 నుంచి 1907 దాకా జర్మన్ వలస పాలకులు హెరెరో, నామా ప్రజలను బంధించిన శిబిరం అక్కడే ఉండేది. చలికీ ఆకలికీ చాకిరీకీ వెయ్యిమందికి పైగా చనిపోయారు. నామా నాయకుడు కొర్నేలియస్ ఫ్రెడరిక్స్ 1907లో ప్రాణం విడిచింది ఆ రాళ్ల మీదే. 2021లో జర్మనీ ప్రభుత్వం దాన్ని జాతిహత్యగా ఒప్పుకుంది. స్వెట్టర్ మీద జాకెట్ వేసుకుని గుడ్డ చాటున కూర్చున్నా ఈ గాలికి నా వేళ్లు కొంకర్లు పోయేవి. వాళ్లకి ఏ చాటూ లేదు. ఈ హార్బర్‌కి వచ్చేవాళ్లు ఒడ్డుకి దిగిన మొదటి రోజే అక్కడికి వెళ్లి స్మారకం ముందు కాసేపు నిలబడాలని నా కోరిక.

ఇప్పటివరకు: తాళ్లు మారలేదు, డాక్రాన్ 2 చ.మీ. (కోతలతో కలిపి), మైనపు దారం 31 మీ. మంచినీళ్లు: 0.

దశ 3: ఇసుక

ఊరికి 10 కిలోమీటర్ల దూరంలో కోల్మాన్స్‌కోప్ ఉంది. 1908లో జకరియాస్ లెవాలా అనే రైల్వే కూలీకి దొరికిన వజ్రంతో మొదలై, 1956 నాటికి జనం పూర్తిగా ఖాళీ చేసిన ఊరు. గాలి బాగా ఉన్న రోజు, పడవ పని ఎలాగూ సాగదని వెళ్లాం. గదుల్లో ఇసుక కిటికీల ఎత్తుకి చేరింది. నేను గమనించిందేమిటంటే, గాలికి ఎదురుగా ఉన్న గదుల్లోనే కాదు, వెనుక చాటు గదుల్లో కూడా దిబ్బలున్నాయి. గోడ దాటాక గాలి సుడి తిరిగి నెమ్మదిస్తుంది, నెమ్మదించిన చోట మోస్తున్న ఇసుకని దించేస్తుంది.

పడవలోనూ అచ్చం అదే జరుగుతోంది. మేం దిగే మెట్ల ద్వారం గాలికి వెనుక ఉంటుంది కదా అని తెరిచి ఉంచేవాళ్లం. మెట్ల మూలల్లో, స్టవ్ కింద, చార్ట్ టేబుల్ సొరుగులో సన్నటి ఇసుక. ఆ రోజు నుంచి పదింటికల్లా ద్వారం పలకలు మూసేస్తున్నాం, పైన తడిగుడ్డ.

ఇక విండ్‌వేన్. అసలు ఆగింది దీని కోసం. మాది సర్వో పెండ్యులం రకం: గాలికి వంగే రెక్క నీటిలోని తెడ్డుని తిప్పుతుంది, లోలకంలా ఊగే ఆ తెడ్డు తాళ్లతో చుక్కానిని లాగుతుంది. దారిలో తేలిక గాలిలో పడవ పాములా నడిచింది. పరీక్ష సులువు: గాలి లేనప్పుడు రెక్కని 20 డిగ్రీలు వంచి వదిలేయాలి. తనంతట తను తిరిగి నిలబడి, అటూ ఇటూ ఊగి ఆగాలి. మాది వంచిన చోటే నిలిచిపోయింది.

విప్పితే డెల్రిన్ బుష్‌లలో (ఇరుసు తిరిగే ప్లాస్టిక్ గొట్టాలు) ఉప్పు స్ఫటికాలు, వాటిలో ఇరుక్కున్న ఇసుక రేణువులు. ఎవరో ముందు యజమాని గ్రీజు కూడా పెట్టాడు. గ్రీజు, ఇసుక కలిస్తే తయారయ్యేది సానపెట్టే ముద్ద. ఈ బుష్‌లు గ్రీజు లేకుండా తిరగడానికే చేసినవి.

1. కింద తువ్వాలు పరవాలి. వాషర్లు సముద్రంలో పడితే ఇక్కడ దొరకవు.
2. కిరసనాయిలు గుడ్డతో పాత గ్రీజు తుడవాలి.
3. గోరువెచ్చని మంచినీళ్లు స్ప్రే పంపుతో, పాత పళ్ల బ్రష్‌తో.
4. ఆరాక పొడిగానే బిగించాలి.
5. కంట్రోల్ తాళ్లను తలకిందులు చేసి వేయాలి. అప్పుడు అరగని భాగం కప్పీ మీదికి వస్తుంది.

రెక్క ఇప్పుడు వదలగానే నిలబడుతుంది. ఇన్ని తంటాల మధ్య నాకు కళ్లలో నీళ్లు తిరిగిన క్షణం అదే.

వించ్‌ల (తాళ్లు బిగించే గుండ్రటి యంత్రాలు) సంగతి: ఒకటి తెరిచాం, పాల్స్ (వెనక్కి తిరగకుండా ఆపే నాలుకలు) కడిగి తేలిక నూనె వేసి మూసేశాం. రెండోది తెరవలేదు. మీరూ తెరవకండి. విప్పిన గేర్ల మీద గాలి మోసుకొచ్చే ఇసుక పడితే ముందున్నదాని కన్నా చెడ్డ స్థితి. గుడ్డ తొడుగులు కుట్టి కప్పి పెట్టడమే మంచిది.

సోలార్ పలకల మీద పొద్దున్న పొగమంచు ధూళిని తడుపుతుంది, ఎండ దాన్ని కాల్చి పొర కడుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు తడిపి, నాననిచ్చి, స్పాంజితో తీయాలి. 100 వాట్ల పలక మధ్యాహ్నం ఇచ్చే కరెంటు 3.6 ఆంపియర్ల నుంచి 5.2కి వచ్చింది.

కరెంటు తీసే గాలిమర మీద ఆశలు పెట్టుకుని వస్తారు చాలామంది. గాలి రెట్టింపైతే దాని శక్తి ఎనిమిదింతలు, నిజమే. కానీ 30 దాటాక మాది బ్రేకు వేసి రెక్కల్ని కట్టేయాల్సిందే. పొద్దుటి 15-20 నాట్లతోనే బ్యాటరీ నిండిపోయేది.

మంచినీళ్ల దగ్గర మాత్రం చేయి బిగించాను. ఇక్కడ ఏడాది వాన 20 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఊరికి నీళ్లు ఎడారి లోపలి కోయిచాబ్ భూగర్భ నిల్వ నుంచి గొట్టాల్లో వస్తాయి. ఎప్పుడో పురాతన కాలంలో చేరిన నీరది. డెక్ మొత్తం కడగడానికి అది కాదు. డెక్‌కి సముద్రపు నీళ్లు, కదిలే భాగాలకి మాత్రమే మంచినీళ్లు.

ఇప్పటివరకు మంచినీళ్లు: విండ్‌వేన్ 6 లీటర్లు, వించ్ తొడుగుల కింద, తెరచాప ట్రాకు 5, జిప్పులు, హ్యాచ్ అంచులు 3, సోలార్ 5. మొత్తం 19.

దశ 4: ఒడ్డుకి రాకపోకలు

డింగీని (ఒడ్డుకి వెళ్లే చిన్న పడవ) తాడుకి కట్టి వెనక వదలొద్దు. మాది ఒక ఉధృతికి గాల్లోకి లేచి బోర్లాపడింది. మోటారు అప్పటికే తీసి రెయిలింగ్‌కి బిగించాం కాబట్టి పోయింది ఒక తెడ్డు మాత్రమే. ఆ తర్వాత పైకి ఎత్తి, డెక్ మీద బోర్లించి కట్టడమే. ఒడ్డుకి తెల్లవారగానే వెళ్లాలి, పదింటికి వెనక్కి రావాలి. ఆలస్యమైతే సాయంత్రం దాకా, ఒక్కోసారి రాత్రి దాకా ఒడ్డునే ఉండాల్సి వస్తుంది. వెచ్చటి బట్టలు, నీళ్లు, హ్యాండ్‌హెల్డ్ వీహెచ్ఎఫ్ రేడియో ఎప్పుడూ సంచిలో ఉండాలి.

డబ్బు గురించి ఒక మాట. నమీబియా డాలరు, దక్షిణాఫ్రికా రాండు విలువ సమానం, ఇక్కడ రెండూ చెల్లుతాయి. నమీబియా నోట్లు బయట మార్చడం కష్టం, వెళ్లేలోపు ఖర్చు పెట్టేయండి.

దశ 5: బయలుదేరే ముందు

పట్టీ తొడుగులు విప్పి చూశాం. పై పొర నూగు లేచింది, కింది పొర కొత్తదానిలా ఉంది. పాలిస్టర్ తాడు మీద మెరుపు గానీ గట్టిదనం గానీ లేదు. నైలాన్ ఎర్ర దారాల మధ్య గాలి లేనప్పుడు 1.01 మీటర్లు, అంటే శాశ్వతంగా సాగింది ఒక సెంటీమీటరు. ఆ తాళ్లని అలాగే సెయింట్ హెలెనాకి తీసుకెళ్తున్నాం, అక్కడా బోయాలే కాబట్టి.

వెళ్లే రోజు వరస: చీకటి ఉండగానే రైడింగ్ సెయిల్ దింపడం, తెలవారుతూనే జెనోవా ఎక్కించి చుట్టడం, అది బిగిశాకే తాడు వదలడం, గాలి లేవకముందే డయాజ్ పాయింట్ (బయటికి వెళ్లే దారిలోని తీరపు కొస) దాటడం.

మొత్తం: నైలాన్ 16 మీ., పాలిస్టర్ 8 మీ., పట్టీ 5.5 మీ., డాక్రాన్ 2 చ.మీ., మైనపు దారం 31 మీ., మంచినీళ్లు 19 లీ.

మిగిలిపోయినవి: రెండో వించ్, గాలిమర రెక్కల అంచుకి కొత్త టేపు (ఇసుక కొట్టి ముందు అంచు గరుకెక్కింది), తెడ్డు.